దేశాంతరములందు మన కళావిద్యార్థులు

సంగీతము నేర్చుకొను పిల్లవాడో పిల్లయో సముద్రము దాటి పాటకచ్చేరి చేసి వచ్చినచో నేడు ఇంటిల్లిపాదికిని పండుగ. పూలదండలు, ఛాయాచిత్రములు, పత్రికలలో నాలుగు పంక్తులు. ఒకప్పుడు సముద్రయానము చేసినవానికి ప్రాయశ్చిత్తము విధించిన సంఘమే నేడు ఎదురేగి మాలలు వేయుట సంతోషింపదగిన మార్పే. కాని ఆ బిడ్డ యచ్చట నేమి యిచ్చి వచ్చెను, ఏమి తెచ్చుకొనెను, విన్నవారు తిరిగి యేమి యడిగిరి అను ప్రశ్నలను మాత్రము మన యిండ్లలో నెవ్వరును వేయుట లేదు. ఇట్టి రాకపోకలను సాంస్కృతిక వినిమయమని పిలుచుచున్నాము. వినిమయమనగా ఇచ్చిపుచ్చుకొనుట. మనవారి యాత్రలలో ఇచ్చిపుచ్చుకొనుట యెంత, వట్టి ప్రదర్శన మెంత యని చరిత్రను కొంచెము తరచి చూతము.

ఇందులకు మన యోరుగంటినుండియే బయలుదేరవచ్చును. కాకతి గణపతిదేవునికి బావమరదియు, గజసాహిణియు నైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున 'నృత్తరత్నావళి' యను సంస్కృత గ్రంథమును రచించెను. ఎనిమిది యధ్యాయములలో మొదటి నాలుగు మార్గపద్ధతికి, తక్కిన నాలుగు దేశిపద్ధతికి వినియోగించెను. ఏనుగుల దండును నడపువాడు పేరణి, రాసకము, కోలాటము మొదలగు జనుల యాటపాటలను గూర్చి యింత శ్రద్ధగా వ్రాయుట యొక వింత. అంతకంటె వింత గోండలి కథ. కల్యాణకటకమున భూలోకమల్ల సోమేశ్వరుడు భిల్ల స్త్రీ వేషమున నాడుచున్న యొకతెను జూచి, ఆ యాటను దిద్ది తీర్చెననియు, మహారాష్ట్రమున భిల్ల స్త్రీని గోండలి యందురు గావున దాని కా పేరు కలిగెననియు జాయప చెప్పినాడు. కల్యాణి చాళుక్యులు ఒకనాడు కాకతీయులకు ప్రభువులు. పరదేశపు టాస్థానమునుండి వచ్చినదని గాని, మూలమున నడవిజాతి స్త్రీ యాట యని గాని సేనాని సంకోచింపలేదు. ఎవరిది, ఎచ్చటిది, ఎట్లు వచ్చినది అనునవి చెప్పి శాస్త్రమున చోటిచ్చినాడు. ఆ గ్రంథము చిరకాలము తాళపత్రములలో నుండి, 1965లో వి. రాఘవన్ గారి పరిష్కరణమున మద్రాసులో వెలువడినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనిగించిరి. మనము మన సేనానిని మరచినంత కాలమును మరవకుండ దాచినది తంజావూరి సరస్వతీ మహలు!

దీనికి విపరీతమైన కథ 1838 నాటిది. టార్డివెల్ అను ఫ్రెంచివాడు పుదుచ్చేరికి సమీపమున నున్న తిరువేందిపురపు దేవదాసీల నైదుగురిని, వారి మేళగాండ్రను ముగ్గురిని ఒడంబడిక వ్రాయించుకొని ఐరోపాకు గొనిపోయెను. వారిలో పెద్దది తిల్లమ్మ ముప్పదియేండ్లది. పేరు మోసిన అమ్మణి పదునెనిమిదేండ్లది. మరి యిద్దరు పదుమూడు పదునాలుగేండ్ల బాలికలు. కడపటిది ఆరేండ్ల పసిపాప. ఆగస్టులో పారిస్ నగరమున వెరైటీస్ నాటకశాలలోను, అక్టోబరులో లండన్ నగరమున అడెల్ఫీ నాటకశాలలోను వీరి యాట జరిగెను. గోత్యే అను ప్రసిద్ధ కవి వారి మేనిచాయను, కన్నులను, నగలను విస్తరించి వర్ణించెను. బార్ అను శిల్పి అమ్మణి యాడుచున్నట్లు కంచుప్రతిమ పోసెను. కీర్తికి కొదువ లేదు. అయినను ఆ నాటకశాలలలో వారు కళావిదులుగా గాక దూరదేశపు వింతలుగా నిలిచిరి. టిక్కెట్టు కొని వచ్చినవాడు చూడవలసినదానిని చూచి యింటికి బోయెను. ఆ స్త్రీలయందు లోపము లేదు. తరతరముల శిక్షణము వారి పాదములయందును గొంతులయందును ఉండెను. లోపము వారిని నిలిపిన చోటిది.

ఇచ్చట ఫ్రెంచివారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధ శాసనము వచ్చినది. ఆడపిల్లలను దేవునికి ముడుపు కట్టు దురాచారము పోవలసినదే. కాని ఆ కుటుంబములలోని విద్యను ఆ దురాచారమునుండి వేరుచేసి కాపాడు పని యందు సంస్కరణ పక్షమువారమైన మనము తగినంత శ్రద్ధ చూపలేదు. నింద మోసినది వారు, ఆ విద్యచే గౌరవము బడసినది ఇతరులు.

ఇక 1952 నాటి యొక సమావేశమును జూడుడు. ప్రపంచ ప్రఖ్యాతుడైన వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ఆ యేట భారతదేశమునకు వచ్చి, మద్రాసులో న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి యింట ద్వారము వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు వినెను. నాయుడుగారు 1919లో నెలకొల్పబడిన విజయనగర సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరబోగా, ఆచార్యునిగా నియమించిరని ప్రసిద్ధి. ఫిడేలు మెనుహిన్ జాతులవారిదే. బాలుస్వామి దీక్షితుల నాటినుండి మనవారు దానిని దగ్గరకు దీసి, క్రింద గూర్చుండి, దాని తలను పాదముపై నానించి, గమకములు పలికించు సాధనముగా మార్చుకొనిరి. తన సొంత వాద్యము పరాయి భాష మాటాడుచుండగా విను భాగ్యము మెనుహినుకు నాడు కలిగెను. అచ్చట నాటకశాల లేదు. టిక్కెట్టు లేదు. ఒక విద్వాంసుడు వేరొక విద్వాంసుని యెదుట గూర్చుండెను. ఆ యాత్రలో ఉత్తరాది సంగీతమును గూడ ఆలకించిన మెనుహిన్ 1955లో అలీ అక్బర్ ఖానును న్యూయార్కునకు రప్పించి సభకు పరిచయము చేసెను. విన్నవాడు ఋణము దీర్చుకొనుట యిట్టిది.

బాలుర సంగతికి వత్తము. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ జన్మించెను. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించువాడు. ఇంట నున్న మాండలిన్‌ను ఆరేండ్ల బాలుడు తీసికొని వాయింపసాగెను. అది ఇటలీ దేశపు వాద్యము. జంటజంటలుగా తంత్రులు గలది, నాదము నిలువనిది. గమకమున కది పనికిరాదని పెద్దల యభిప్రాయము. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించుట తెలియదు. ఆయన పాడును, బాలుడు దానిని తంత్రులపై వెదకి పట్టుకొనును. ఈ లోటే మేలు చేసినదని నా యభిప్రాయము. చేతివాటము నేర్పువాడు లేకపోగా, బాలుడు వ్రేళ్లను గాక గొంతును అనుకరించెను. పిమ్మట జంట తంత్రులను దీసివేసి ఒంటి తంత్రులు గట్టి, విద్యుచ్ఛక్తితో నాదమును నిలిపెను. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున తొలి కచ్చేరి. 1981లో మద్రాసు సభలలో ప్రవేశము. 1983లో, పదునాలుగవ యేట, బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవము. వేరొక సంగీతమునకై వచ్చిన శ్రోతలు ఈ బాలుని విడువక మరల మరల వాయింపించుకొనిరని చెప్పుదురు. తరువాత మైకేల్ బ్రూక్, జాన్ మెక్‌లాఫ్లిన్ మొదలగు పాశ్చాత్య విద్వాంసులు ఆయనతో సమముగా వేదిక నెక్కిరి. 2014 సెప్టెంబరు 19న, నలుబదియైదవ యేట, ఆయన గతించెను. ఐరోపా వాద్యము పాలకొల్లున తెలుగు కృతి నేర్చుకొని ఐరోపాకు తిరిగి వెళ్లి పలికినది. అమ్మణిని జూచి పోయినట్లు ఈ బాలుని జూచి పోవుట శ్రోతలకు సాధ్యము కాలేదు. ఆ వాద్యము వారెరిగినదే గనుక, అది యిట్లెట్లు పలికెనని వారడుగక తప్పలేదు.

ఇంకొక సంగతి యున్నది. అది మనకు మిక్కిలి దగ్గరిది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు క్లీవ్‌లండ్ నగరమున 1978 నుండి త్యాగరాజ ఆరాధన జరుగుచున్నది. వందలకొలది బాలబాలికలు గుమికూడి పంచరత్న కృతులను పాడుదురు. ఆ యైదింటిలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. పాడువారిలో ననేకుల యింటి భాష తమిళము. అక్కడి బడిలో పెరిగిన పిల్లలకు ఆ తెలుగు మాటలు కంఠస్థములైన ధ్వనులు. ఈ మహావినిమయమున చేతులు మారుచున్న ద్రవ్యము మన భాష! అందు మన బడులవారి పాత్ర యేమి? త్యాగరాజు తెలుగు తెలంగాణపు పాఠశాల విద్యార్థికి ఎంత తెలియును? పల్లవిలోని సంబోధనము ఎవరినుద్దేశించినదో, చరణములోని ఎత్తిపొడుపు ఎచ్చటిదో చెప్పగలవాడు అర్ధమైనను చెప్పగలడా? స్వరము తప్పినచో గురువు దిద్దును. పదమును తప్పుగా విరిచినచో దిద్దువాడెవడు? విదేశమున కేగిన మన యువగాయకుని సభానంతరమున ఒక శ్రోత పాట యర్థ మడిగినచో, "భక్తిపాట" యని చెప్పి తప్పించుకొనుటకును, అర్థము విప్పి చెప్పి యతనిని మరునాడు మరల రప్పించుకొనుటకును ఎంత దూరమో యోచింపుడు.

ఓరుగంటికి ఈ పని చేతనందునంత దగ్గర నున్నది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో గట్టించిన రామప్ప దేవాలయమును 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. విదేశీయులు వచ్చుచున్నారు. వేణుగోపాలుని శిల్పమున్న యొక స్తంభమును మార్గదర్శకుడు వ్రేలితో తట్టి స్వరములు వినిపించును. యాత్రికులు ఆశ్చర్యపడి, ఛాయాచిత్రము దీసికొని, బండి యెక్కుదురు. రాయి పాడినది గాని మనుష్యుడు పాడలేదు. వరంగల్లున ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యున్నది; అందు వీణ, గాత్రము, మృదంగము నేర్చువారున్నారు. వారానికి రెండు సాయంకాలములు నలుగురు విద్యార్థులు గుడి యావరణ సమీపమున గూర్చుండి, ఒక కృతిని పాడి, దాని యర్థమును ఆంగ్లమున చెప్పి, వచ్చినవారిలో పాడగలవారుండినచో వారి పాటను గూడ వినుటకు కావలసినది చాపలు, ఒక తంబుర, దారి ఖర్చు. పాట నేర్పుట గురువుల వంతు. అర్థము జెప్ప నేర్పుట మావంటి బడిపంతుళ్ల వంతు. అందుకు వారమున కొక గంట కాలనిర్ణయ పట్టికలో దొరకవలెను. ఆ గంట నిమ్మని ప్రధానోపాధ్యాయులను అడుగవలసినది తలిదండ్రులు.