నేలమాళిగలో నేర్చిన ధైర్యం

1959 చివరి నెలల్లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, నాష్‌విల్ నగరంలో క్లార్క్ మెమోరియల్ చర్చి నేలమాళిగలో ఒక పాఠం సాగేది. కొందరు విద్యార్థులు కుర్చీల్లో కూర్చుంటారు. మరికొందరు వాళ్ల చుట్టూ చేరి నోటికొచ్చినట్టు తిడతారు, ముఖాన సిగరెట్ పొగ ఊదుతారు, కుర్చీలోంచి కిందికి లాగిపడేస్తారు. కూర్చున్నవాళ్లు చెయ్యెత్తకూడదు, ఎదురు మాట అనకూడదు. కిందపడితే తల ఎలా కాచుకోవాలి, తోటివాణ్ని చావబాదుతుంటే తన ఒళ్లు అడ్డుపెట్టి ఆ దెబ్బలు ఎలా పంచుకోవాలి అన్నది అక్కడి చదువు. కాసేపయ్యాక తిట్టినవాళ్లు కుర్చీల్లోకి, కుర్చీల్లోవాళ్లు బయటికి. వాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్లకు కాస్త అటూ ఇటూ ఉన్న నల్లజాతి కాలేజీ విద్యార్థులు.

అమెరికా పౌరహక్కుల పోరులో విద్యార్థుల ఘట్టం సాధారణంగా నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోతో మొదలవుతుంది. 1960 ఫిబ్రవరి 1న నలుగురు విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకే కేటాయించిన లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని, పొమ్మన్నా కదల్లేదు. వాళ్ల సాహసం చిన్నదేమీ కాదు. కానీ విద్యార్థి ఉద్యమం అనగానే ఉడుకురక్తం పొంగిందని తేల్చేసే అలవాటు మనకుంది. అది ఎంత పొరపాటో తెలియాలంటే నాష్‌విల్‌నే చూడాలి.

ఆ పాఠం చెప్పినవాడు జేమ్స్ లాసన్, ముప్పై ఒక్కేళ్ల వేదాంత విద్యార్థి. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరనని ఏడాదికి పైగా జైల్లో గడిపాడు. తర్వాత 1953లో మెథడిస్టు మిషనరీగా మన దేశానికి వచ్చి, నాగపూర్ హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ సత్యాగ్రహ పద్ధతిని లోతుగా చదివాడు. నాగపూర్ అంటే తెలుగువాళ్లకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా వెళ్లగొట్టిన విద్యార్థులను చేర్చుకుంది నాగపూర్ విశ్వవిద్యాలయమే. వాళ్లలో పీవీ నరసింహారావు ఒకరు. ఆ ఊళ్లోనే లాసన్, అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతివాళ్లు బస్సులను బహిష్కరించిన వార్త పేపర్లో చదివాడు. 1956లో స్వదేశం చేరాక మార్టిన్ లూథర్ కింగ్‌ని కలిస్తే, ఆయన అమెరికా దక్షిణాదికి వెంటనే రమ్మన్నాడు. లాసన్ నాష్‌విల్‌లో దిగి, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

లంచ్ కౌంటర్లనే ఎందుకు ఎంచుకున్నారు? ఆ ఊరి నల్లజాతి తల్లుల మాట విన్నారు కాబట్టి. పెద్ద దుకాణాల్లో వాళ్ల డబ్బు చెల్లుతుంది. బట్టలు కొనొచ్చు, సామాను కొనొచ్చు. కాళ్లు లాగుతున్నాయనో, పిల్లాడికి ఆకలేస్తోందనో పక్కనే ఉన్న లంచ్ కౌంటర్ స్టూలు మీద కూర్చుంటే మాత్రం నేరం. ఎందుకు కూర్చోకూడదని పిల్లాడు అడిగితే చెప్పడానికి తల్లికి నోరు రాదు. ఉద్యమం ఏ గుమ్మం ముందు మొదలవ్వాలో తేల్చింది ఆ తల్లుల అవస్థే. సమాజసేవ పేరుతో ఊళ్లోకి వెళ్లే విద్యార్థులు ముందు చెయ్యాల్సింది ఇలా చెవి ఒగ్గడం అని నా నమ్మకం.

1959 చివర్లోనే లాసన్ విద్యార్థులు రెండు దుకాణాల్లో కూర్చుని, కాదనిపించుకుని, మర్యాదగా లేచి వచ్చారు. అది పరీక్ష మాత్రమే. 1960 ఫిబ్రవరి 13న 124 మంది మూడు దుకాణాల్లోకి నడిచారు. చర్చికి వేసుకునే మంచి బట్టల్లో, చేతిలో పుస్తకాలతో వచ్చారు. వడ్డించకపోతే చదువుకుంటూ కూర్చున్నారు. కౌంటర్ దగ్గర ఎలా మెలగాలో జాన్ లూయిస్, బెర్నార్డ్ లఫాయెట్ పది నియమాలు రాసిచ్చారు: నిటారుగా కూర్చోవాలి, కౌంటర్ వైపే చూడాలి, తిట్టినా కొట్టినా తిరగబడకూడదు. లూయిస్ తన కాలేజీ వంటింట్లో పనిచేసి చదువుకుంటున్న పేదింటి కుర్రాడు.

ఫిబ్రవరి 27న తెల్ల మూకలు విరుచుకుపడ్డాయి. స్టూళ్ల మీంచి ఈడ్చి కొట్టారు, వీపుల మీద సిగరెట్లతో కాల్చారు. పోలీసులు వచ్చి దెబ్బలు తిన్నవాళ్లనే పట్టుకెళ్లారు. ఒక వరసను తీసుకెళితే ఆ స్టూళ్లలో ఇంకో వరస వచ్చి కూర్చుంది. ఆ రోజు 81 మంది అరెస్టయ్యారు. కోర్టు 50 డాలర్ల చొప్పున జరిమానా వేస్తే, అన్యాయానికి డబ్బు కట్టం, జైలుకే పోతామన్నారు. మార్చి తొలివారంలో వాండర్‌బిల్ట్ లాసన్‌ని బహిష్కరించింది.

అక్కడి నుంచి ఊరు కదిలింది. ఈస్టర్ పండుగకు కొత్తబట్టలు కొనే రోజుల్లో నల్లజాతి కుటుంబాలు ఆ దుకాణాల గుమ్మం తొక్కలేదు. పిల్లల తెగువకు పెద్దల కట్టుబాటు తోడవకపోతే ఈ పోరు గెలిచేది కాదు. ఏప్రిల్ 19 తెల్లవారుజామున విద్యార్థుల తరఫు న్యాయవాది అలెగ్జాండర్ లూబీ ఇంటిమీద బాంబు వేశారు. ఇల్లు ధ్వంసమైంది. ఆయన, ఆయన భార్య ప్రాణాలతో బయటపడ్డారు. ఆ మధ్యాహ్నానికల్లా వేలమంది నినాదం ఒక్కటీ లేకుండా నగర కార్యాలయానికి నడిచారు. మెట్ల మీద ఫిస్క్ విశ్వవిద్యాలయ విద్యార్థిని డయాన్ నాష్ మేయర్ బెన్ వెస్ట్‌ని సూటిగా నిలదీసింది: రంగును బట్టి మనిషిని వేరుచెయ్యడం మీకు న్యాయంగా తోస్తోందా? తోచడం లేదని ఆయన అందరి ఎదుటా ఒప్పుకున్నాడు. మే 10న ఆరు దుకాణాల కౌంటర్లు అందరికీ తెరుచుకున్నాయి.

ఈలోగా, ఏప్రిల్‌లోనే, ఎల్లా బేకర్ అనే అనుభవజ్ఞురాలైన ఉద్యమకారిణి చొరవతో రాలీ నగరంలో విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం పుట్టింది. పెద్దల సంస్థలకు తోకగా ఉండొద్దని ఆమె వాళ్లకు చెప్పింది. మరుసటి ఏడాది, బస్సు ప్రయాణాల్లో జాతి వేర్పాటును ధిక్కరిస్తూ యాత్రకు బయల్దేరిన ఫ్రీడమ్ రైడర్ల బస్సును అలబామాలో తగలబెట్టినప్పుడు, ఆగిపోబోతున్న ఆ యాత్రను అందుకున్నది నాష్‌విల్ పిల్లలే. కొందరు వీలునామాలు రాసిపెట్టి మరీ బస్సెక్కారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి ఉన్న కోటాలు రద్దుచేసి భారతీయులకు అమెరికా తలుపు తెరిచిన 1965 వలస చట్టం కూడా ఆ గాలిలోనే వచ్చింది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ పిల్లలకు రుణపడి ఉన్నాయి.

లూయిస్ మూడు దశాబ్దాలకు పైగా కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నాడు. లాసన్‌ని వెళ్లగొట్టిన విశ్వవిద్యాలయమే తర్వాత ఆచార్యుడిగా పిలిచింది. ఆయన 2024 జూన్‌లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మీ పిల్లలు అమెరికాలో చదువుతుంటే, నాష్‌విల్ వైపు వెళ్లినప్పుడు అక్కడి పబ్లిక్ లైబ్రరీలోని పౌరహక్కుల గది చూసి రమ్మనండి. ఆ పది నియమాలూ అక్కడ ఒక కౌంటర్ మీద రాసి ఉంటాయి.