గోపాలపురం రేవులో దిగడం

మా సంఘ సభ్యులలో ఒక పెద్దమనిషి పోయిన ఏడాది భార్యాసమేతంగా విహారనౌక మీద తిరిగివచ్చారు. ఒకచోట రేవులో లోతు చాలక ఓడ దూరంగా సముద్రంలోనే లంగరు వేసిందట. ఒడ్డుకు చేర్చవలసినవి చిన్న మోటారు పడవలు. ఓడవారే ఏర్పాటు చేసిన యాత్రలకు సొమ్ము కట్టినవారిని ముందుగా దింపారు. ఒడ్డున సొంతంగా కారు మాట్లాడుకున్న మన దంపతుల చేతికి ఒక అంకె వేసిన చీటీ ఇచ్చి, పిలిచేదాకా కూర్చోమన్నారు. పిలుపు వచ్చేసరికి రెండు గంటలైంది. కారువాడు చూసి చూసి వెళ్ళిపోయాడు. వెనక్కు వచ్చే ఆఖరి పడవ వేళ తప్పిపోతుందేమోనన్న భయంతో, వారు రేవు బజారులో నాలుగు అడుగులు వేసి తిరిగి ఓడ ఎక్కారు. ఆ మాట సంఘ సమావేశంలో చెప్పి, "అంత పెద్ద ఓడ ఎక్కి, చివరికి ఇంత పడవకు దేబిరించడం ఎక్కడైనా ఉన్నదా?" అని అడిగారు.

ఉన్నది. మేము పొలసరవాళ్ళము. మాకది నూరేళ్ళనాటి సంగతి. ఉగాది సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఆ పెద్దమనిషి ప్రశ్నకు జవాబుగా ఇదే రాద్దామనుకున్నాము.

పొలసర సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు కాదు. గంజాం జిల్లా లోపలి భాగంలో, బరంపురానికి ఇంచుమించు నలభై మైళ్ళ దూరాన ఉన్నది. ఇప్పుడు కవిసూర్యనగర్ అని పిలిచే బొయిరాణి మీదుగా ఆస్కా చేరి, ఋషికుల్య దాటి, హింజిలి దారిని బరంపురం రావాలి. అక్కడినుంచి గోపాలపురం మరి పది మైళ్ళు. బస్సులు లేని రోజుల్లో ఇది బండి మీద కొంత, కాలినడకన కొంత సాగే ప్రయాణం. అయినా మా చిన్నతనంలో ఇళ్ళలో కలకత్తా పేరుకంటె, మద్రాసు పేరుకంటె రంగూను పేరు ఎక్కువగా వినబడేది. రంగూనుకు మా వాకిలి గోపాలపురం.

ఈ తీరం ఓడలకు కొత్తది కాదు. రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ పలూర అనే ఊరిని పేర్కొని, బంగారు భూమికి పోయే ఓడలు తీరం వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటు దాని దగ్గరనే ఉన్నదని రాశాడు. అది ఋషికుల్య సంగమానికి, చిలకకు నడుమ ఉన్న పాలూరే అని పలువురు పండితుల అభిప్రాయం. ఇంగ్లీషువాళ్ళు వచ్చాక మొదట వర్ధిల్లిన రేవు గంజాం. 1815 ప్రాంతంలో అక్కడ విషజ్వరం ప్రబలి జనం రాలిపోగా, కచేరీలు తరలిపోయాయి, వ్యాపారమూ తరలిపోయింది. ఆ వ్యాపారంలో పెద్ద వాటా గోపాలపురానికి దక్కింది. బియ్యం, తోళ్ళు, ఆస్కా చక్కెర ఈ దారినే వెళ్ళేవి. 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడిన తరువాత, కోస్తా రేవులన్నిటినీ తాకుతూ స్టీమర్లు తిరిగాయి. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, గోపాలపురం - ఈ వరుస మా పెద్దలకు రైలు స్టేషన్ల పేర్లలాగా నోటికి వచ్చేది.

రేవు అన్నామే గాని, గోపాలపురంలో రేవు అనదగినది లేదు. ఓడను చేర్చుకునే మూల లేదు, కొండ చాటు లేదు. ఎదురుగా బంగాళాఖాతం, కాళ్ళ కింద ఇసుక. స్టీమరు మైలుకు పైగా దూరంలో లంగరు దించి కూత వేసేది. ఓడకూ ఒడ్డుకూ నడుమ విరిగే కెరటాల వరుసలు. మామూలు పడవ ఆ కెరటాల్లో దూరితే ఇసుకకు కొట్టుకొని పలకలు విడిపోతాయి. అక్కడ బతికి బయటపడేది మసూలా పడవ ఒక్కటే.

ఈ పడవను గురించి కాస్త నిలిచి చెప్పాలి. దానిలో ఇనుప మేకు ఒక్కటి ఉండదు. పలకలకు అంచుల వెంట బెజ్జాలు పొడిచి, నడుమ గడ్డి కూరి, కొబ్బరి తాడుతో బట్ట కుట్టినట్టు కుడతారు. అడుగు చదునుగా ఉంటుంది. కెరటం ఎత్తివేస్తే పడవ ఒళ్ళంతా వంగుతుంది, సాగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. మేకులతో బిగించిన పడవ ఆ దెబ్బకు ఎదురు తిరిగి పగిలిపోతుంది. ఇది తలవంచి దాటిపోతుంది. కుట్ల సందుల్లో నీరు ఊరుతూనే ఉంటుంది గనుక, ఒకడికి నీరు తోడిపోయడమే పని. పొడుగాటి గడలకు పలక ముక్కలు కట్టిన తెడ్లు వేస్తూ ఎనిమిదిమందో పదిమందో. వెనుక నిలబడి దారి చూసేవాడు తండేలు. మద్రాసుకు రేవు కట్టకముందు దొరలూ దొరసానులూ కూడా దిగినది ఈ పడవల మీదనే. అక్కడ కెరటాలు మరీ పెచ్చుమీరిన రోజున పడవలు వెళ్ళరాదని ఒడ్డున జెండా ఎత్తేవారు. పడవ వెంట తెప్పలు వెళ్ళేవి, పడినవారిని ఎత్తుకోవడానికి. మసూలా అనే పేరు మచిలీపట్నాన్ని బట్టి వచ్చిందా, మరో విధంగా వచ్చిందా అని పండితులు వాదించుకుంటారు. తండేళ్ళకు ఆ వాదంతో పని లేదు. వాళ్ళకది ఉత్త పడవ.

ఆ తండేళ్ళు ఎవరు? మన తెలుగువాళ్ళు. వాడబలిజలు, జాలరులు. ఒరియావారు వీరిని నోళియాలు అంటారు. గోపాలపురం మొదలు పూరీ దాకా ఆ ఇసుక మీద ఇళ్ళు కట్టుకొని, ఇంట్లో తెలుగు, బజారులో ఒరియా మాటాడుతూ తరతరాలుగా బతుకుతున్నవారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం అందులో చేరినప్పుడు, ఎవరు ఎటు చెందుతారని పట్టణాల్లో సభలూ తీర్మానాలూ సాగాయి. నోళియాలను ఎవరూ అడిగినట్టు లేదు. ప్రవాసాంధ్రులమని సంఘాలు పెట్టుకొని సంచికలు వేసుకుంటున్న మనకంటె ముందు ప్రవాసులు వారు. మన సంచికల్లో వారి ఊసు రాకపోవడం మాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

దిగడం ఎలా జరిగేదో మా పెదతాతగారు చెప్పగా చాలాసార్లు విన్నాము. ఓడ పక్కన నిచ్చెన దించుతారు. కింద పడవ ఒకసారి నిచ్చెన చివరి మెట్టు దాకా లేస్తుంది, మరుక్షణంలో రెండు నిలువుల లోతుకు దిగుతుంది. లేచినప్పుడు దూకాలి. దిగుతున్నప్పుడు దూకినవాడు కాలు విరగ్గొట్టుకుంటాడు. పిల్లలను చేతినుంచి చేతికి అందిస్తారు. పెట్టెలు తాళ్ళతో దించుతారు. వాటిలో కొన్ని సముద్రానికి నైవేద్యం. పడవ కెరటాల వరుస దగ్గరికి వచ్చి ఆగుతుంది. తండేలు వెనక్కు చూస్తూ అలలు లెక్కపెడతాడు. ఆ నిమిషంలో పడవలో ఎవరూ మాటాడకూడదు. ఒక పెద్ద అల దాటగానే కేక వేస్తాడు. తెడ్లన్నీ ఒక్కసారి పడతాయి. ఆ అల వీపు మీదనే ఒడ్డు దాకా పోవాలి. అడుగు ఇసుకకు తగిలిన మరుక్షణం వాళ్ళు నీళ్ళలోకి ఉరికి పడవను పట్టుకొని, ప్రయాణికులను భుజాల మీద మోసుకొనిపోయి పొడి ఇసుకలో దింపుతారు.

ఇంతకూ ముందు ఎవరు దిగాలి? మన పెద్దమనిషి చీటీ కథకు మూలం ఇక్కడే ఉన్నది. రంగూనుకు పోయే కూలిజనంలో చాలామంది మేస్త్రీ కింద వెళ్ళేవారు. బయానా ఇచ్చేది మేస్త్రీ, టిక్కెట్టు కొనేది మేస్త్రీ, అక్కడ పని చూపేది, జీతంలో కోసుకునేది కూడా మేస్త్రీయే. అరవైమందో ఎనభైమందో ఒక జట్టు. పడవవాళ్ళతో బేరం జట్టు మొత్తానికి ముందే కుదిరి ఉండేదట. ఒంటరిగా తన డబ్బుతో తాను వచ్చినవాడు జట్లన్నీ దిగేదాకా పెట్టె మీద కూర్చోవలసిందే. మేస్త్రీ చేతిలో బానిసగా ఉన్నవాడు ముందు ఒడ్డెక్కేవాడు, స్వతంత్రుడు ఆఖరున ఎక్కేవాడు. దీనికి తోడు స్టీమరుకు ఇంకా రేవులు తాకవలసి ఉంటుంది. సరుకు పని కాగానే కూత వేసి సాగిపోతుంది. ఆలోగా దిగనివాడు తరువాతి రేవుకు పోవలసిందే.

మా పెదతాతగారు రంగూనులో ఒక బియ్యపు మిల్లులో గుమాస్తా. మేస్త్రీ పద్దులో లేని మనిషినని ఆయనకు కాస్త గర్వం ఉండేది. ఆ రంగూను సంగతి ఇప్పటివారికి కొంత చెప్పాలి. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా తేలారు. రంగూను పట్టణంలో సగానికి మించి మనవాళ్ళే. దేశం మొత్తం మీద తెలుగువారు లక్షన్నరకు పైగా. కోరంగి రేవు పేరున అక్కడ తెలుగువాణ్ణి కోరంగీ అనేవారు. 1930 మేలో రేవు కూలీలైన ఈ కోరంగీలు సమ్మె కట్టగా, వారి స్థానంలో బర్మావాళ్ళను పెట్టారు. సమ్మె తీరి పాతవాళ్ళను మళ్ళీ తీసుకునే వేళకు 26న కొట్లాట రేగి, పట్టణమంతా రక్తపాతమైంది. ఆ అల్లర్లు చల్లారిన కొన్ని వారాలకు మా పెదతాతగారికి పొలసరనుంచి తల్లికి జబ్బుగా ఉన్నదని తంతి వచ్చింది. దొరికిన స్టీమరులో డెక్కు టిక్కెట్టు కొని బయలుదేరారు.

గోపాలపురం ముందు స్టీమరు ఆగినది ఉదయం పూట. ఆషాఢపు గాలి. అయినా పడవలు వచ్చాయి. మొదటి దఫా జట్లవాళ్ళు దిగారు. ఆయన వెళ్ళి తల్లి సంగతి చెప్పి బతిమాలితే, ఒక మేస్త్రీ తన మనుషుల మీద చెయ్యి చూపి, వీళ్ళకూ తల్లులున్నారు అన్నాడట. అది అబద్ధం కాదు గదా. రెండవ దఫాకు పడవ ఒడ్డునుంచి బయలుదేరింది. ఆయన కఠారా పట్టుకొని చూస్తున్నారు. పడవ కెరటాల దాకా వచ్చింది, ఒకసారి పూర్తిగా నిలువుగా లేచింది, మెల్లగా వెనక్కు తిరిగింది. మళ్ళీ రాలేదు. సాయంత్రానికి లంగరు ఎత్తారు. కళింగపట్నంలోనూ, భీమిలిలోనూ దిగడం పడలేదు. చివరకు విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున దిగి, రైలెక్కి బరంపురం వచ్చి, పొలసర చేరేసరికి తల్లిపోయి మూడు రోజులైంది. ఓడ మీదనుంచి బరంపురం వైపు చెట్లు కనిపించాయిరా, అని ఆయన ముసలితనంలో కూడా అంటూ ఉండేవారు.

మరుసటి ఏడు మళ్ళీ రంగూను పోతూ గోపాలపురంలో ఆ తండేలును వెతికి పట్టుకున్నారు. దెబ్బలాడడానికే వెళ్ళినట్టు మా నాయనమ్మ చెప్పేది. "ఎందుకు తిరిగిపోయావయ్యా?" అంటే వాడు, "బాబూ, ఆ పూట నాను వచ్చుంటే తమరు దిగీవోరే. ఒడ్డుకి మాత్రం చేరీవోరు కారు" అన్నాడు. ఆయన కాసేపు ఏమీ అనలేదట. తరువాత వాడి పడవలోనే ఎక్కి ఓడకు వెళ్ళారు.

పడవలు తిరగలేకపోతే దేశానికి ఏమవుతుందో ఇదే తీరం అంతకు ముందే చూసింది. 1866 కరువులో ఒరిస్సా ప్రజలు పది లక్షలదాకా చనిపోయారు. బియ్యం తెప్పించడంలో సర్కారు ఆలస్యం చేసింది, అది ముమ్మాటికీ నిజం. కాని తీరా తెప్పించాక, వర్షాకాలపు సముద్రంలో ఫాల్స్ పాయింట్ ముందు ఓడలు నిలిచిపోయి, పడవలు చాలక, గాలి తగ్గక, బియ్యం రోజుల తరబడి నీటిమీదనే ఉండిపోయింది. ఆకలి ఒక పక్క, బస్తాలు ఒక పక్క, నడుమ కొద్ది మైళ్ళ నీళ్ళు.

ఇక ముగింపు త్వరగానే వచ్చింది. 1890 దశకంలో బరంపురం మీదుగా రైలు పడ్డప్పుడే సరుకు చాలావరకు రేవును వదిలింది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. అక్కడ ఓడ గట్టుకే ఆనుకుంటుంది. గోపాలపురానికి మిగిలినది రంగూను జనమే. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8న పట్టణమే పడింది. ఓడ దొరకని లక్షలమంది అడవులూ కొండలూ నడిచి వచ్చారు, ఎందరో దారిలోనే ఉండిపోయారు. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన రోజుల్లోనే జపాను నౌకలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక ఓడలను ముంచాయి. బతికిన నావికులు కొందరు లైఫ్‌బోట్లలో ఒరిస్సా తీరానికి కొట్టుకొచ్చారు. గోపాలపురంనుంచి రంగూను స్టీమరు మళ్ళీ జోరుగా నడిచిన రోజు రాలేదు. మా పెదతాతగారు ఆఖరు ఓడల్లో ఒకదానిలో వచ్చి, పొలసరలో కిరాణా కొట్టు పెట్టుకున్నారు.

మేము రెండేళ్ళ కిందట గోపాలపురం వెళ్ళాము. పాత రేవు గోడలు, స్తంభాలు ఇసుకలో కూరుకొని ఉన్నాయి. విహారానికి వచ్చినవారు వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఉత్తరాన ఓడలు గట్టుకు ఆనే కొత్త రేవు ఉన్నది; 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటినప్పుడు అదీ దెబ్బతిన్నది, తిరిగి లేచింది. కుట్టు పడవ ఒక్కటి కూడా మాకు కనిపించలేదు. అన్నీ ఇంజను బిగించిన ఫైబరు పడవలు. ఇసుకలో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనను తెలుగులో పలకరించాము. తలెత్తి, "ఏ ఊరు బాబూ?" అన్నాడు. పొలసర అన్నాము. "మా తాత పొలసరోళ్ళని ఓడెక్కించీవోడు" అని, పక్కన వల జరిపి కూర్చోవడానికి చోటిచ్చాడు.