మెదడు-కంప్యూటర్ అనుసంధానం
మెదడులోని విద్యుత్ సంకేతాలను గ్రహించి, వాటిని కంప్యూటరుకు ఆదేశాలుగా మార్చే పరిజ్ఞానాన్ని మెదడు-కంప్యూటర్ అనుసంధానం అంటారు. ఆంగ్లంలో దీనిని బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ అని వ్యవహరిస్తారు. చేతులు, నాలుక వంటి అవయవాల సాయం లేకుండానే ఇది పనిచేస్తుంది. కనుక అవయవాలు చచ్చుబడినవారికి ఇది ముఖ్యమైనది.

చరిత్ర
జర్మనీకి చెందిన మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారిగా మానవ మెదడు తరంగాలను నమోదు చేసి, 1929లో ఆ వివరాలు ప్రచురించాడు. ఈ పద్ధతినే ఈఈజీ అంటారు. 1973లో అమెరికా శాస్త్రవేత్త జాక్ విడాల్ ఈ పరిజ్ఞానానికి ప్రస్తుత ఆంగ్ల నామాన్ని వాడాడు. 2004లో బ్రెయిన్‌గేట్ పరిశోధనలో భాగంగా, వెన్నుపాము తెగిన ఒక యువకుని మెదడులో 96 ఎలక్ట్రోడులు గల చిన్న పలకను అమర్చారు. చేతిని కదపాలని తలచుకోవడం ద్వారానే అతడు తెరపై కర్సరును జరిపి, ఈ-మెయిల్ తెరవగలిగాడు.

రకాలు
* తలపై ధరించేవి: ఈఈజీ టోపీ ఇందుకు ఉదాహరణ. శస్త్రచికిత్స అవసరం లేదు. అయితే పుర్రె అడ్డు ఉండుటవలన సంకేతాలు బలహీనపడి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.
* మెదడు ఉపరితలంపై పరచేవి: సంకేతాలు మరింత స్పష్టంగా అందుతాయి. పుర్రెను తెరవవలసి ఉంటుంది.
* మెదడు పొరలో గుచ్చేవి: విడివిడి నాడీకణాల సంకేతాలను సైతం గ్రహిస్తాయి. మెదడు కణజాలానికి కొంత గాయం తప్పదు.

ఉపయోగాలు
స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగంలో, చేతులు చచ్చుబడిన వ్యక్తి అక్షరాలు వ్రాస్తున్నట్లు ఊహించుకోగా నిమిషానికి 90 అక్షరాలు తెరపై వచ్చాయి. 2023లో ప్రచురించిన మరొక ప్రయోగంలో, ఏఎల్‌ఎస్ వ్యాధివలన మాట కోల్పోయిన మహిళ చెప్పదలచిన పదాలు నిమిషానికి 62 చొప్పున వెలువడ్డాయి. అయితే 1,25,000 పదాల నిఘంటువుతో పరీక్షించినపుడు దాదాపు నాలుగింట ఒక పదం తప్పుగా వచ్చింది. కృత్రిమ చేతులను, చక్రాల కుర్చీలను నడుపుటకు, పక్షవాతం తరువాత ఇచ్చే వ్యాయామ చికిత్సకు కూడా దీనిని పరిశీలిస్తున్నారు.

ప్రమాదాలు
* శస్త్రచికిత్సలో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ కలిగే అవకాశం ఉంది.
* కాలక్రమంలో ఎలక్ట్రోడుల చుట్టూ మచ్చ కణజాలం పెరిగి సంకేతాలు క్షీణించవచ్చు. 2024లో న్యూరాలింక్ సంస్థ తొలిసారి ఒక మనిషికి అమర్చిన పరికరంలో కొన్ని తీగలు కొద్ది వారాలకే మెదడు నుండి వెనుకకు జరిగాయి.
* పరికరం అమర్చుకున్న వ్యక్తి తయారీదారుపై ఆధారపడవలసి వస్తుంది. ఇదే కోవకు చెందిన ఆర్గస్-2 అనే కంటి పరికరం తయారీ 2019లో నిలిచిపోగా, దానిని అమర్చుకున్నవారికి మరమ్మతుల ఆధారం కరువైంది.
* ఈ పరికరాలు మనసులోని ప్రతి ఆలోచననూ చదవలేవు. ముందుగా శిక్షణ ఇచ్చిన సంకేతాలనే గుర్తిస్తాయి. అయినను మెదడు సమాచారం ఎవరి అధీనంలో ఉండాలన్నది ప్రధాన ప్రశ్న. చిలీ దేశం 2021లో తన రాజ్యాంగాన్ని సవరించి, మెదడు చర్యలకు, వాటినుండి లభించే సమాచారానికి రక్షణ కల్పించింది.

ఇవి కూడా చూడండి
* మెదడు
* వెన్నుపాము
* పక్షవాతం