సుందరి వార్ధక్యం

సూరత్ పేరు చెప్పగానే తపతీనది, ఓడల రేవు, ఆంగ్లేయుల వర్తకశాల, జరీపని జ్ఞాపకం వస్తాయి గాని నాటకం జ్ఞాపకం రాదు. ఆ వైభవమంతా బొంబాయి దక్కించుకొన్నది. అయినప్పటికీ గుజరాతీ రంగస్థలంపై వృద్ధులైన నటుల గతి ఏమైనదని విచారించేవాడు సూరత్‌లో పుట్టిన ఇద్దరిని పలుకరించక తప్పదు.

వారిలో మొదటివాడు మహీపత్‌రామ్ రూపరామ్ నీలకంఠ్. 1829లో సూరత్‌లోని నాగర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినాడు. 1860లో సముద్రం దాటి ఇంగ్లండుకు పోయినందుకు కులంవారు ఆయనను వెలివేసినారు. విద్యాశాఖలో ఉద్యోగి, సంఘసంస్కర్త. అటువంటివాడు ఊరూర దివిటీల వెలుగులో ఆడే భవాయి ఆటలను సేకరించి, 1866లో ‘భవాయీ సంగ్రహ్’ అనే పేరుతో అచ్చు వేయించడం విశేషమే. భవాయిలో ఒక్కొక్క ఆటను ‘వేషం’ అంటారు. మన పగటివేషాలు ఎరిగినవారికి ఈ మాట అర్థం చెప్పనక్కరలేదు. పద్నాలుగవ శతాబ్దివాడైన అసాయిత్ ఠాకర్ ఈ వేషాలకు మూలపురుషుడని ప్రతీతి. ఆడవేషాలు కూడా మగవారే కట్టేవారు. పాట, చిందు, హాస్యం, వెక్కిరింత అన్నీ అందులో కలగలసి ఉంటాయి.

ఆ సంగ్రహంలోని ఒక వేషంలో దొరికిన చిన్న ద్విపదవంటి పద్యాన్ని పట్టుకొని మహీపత్‌రామ్ కుమారుడు రమణభాయ్ 1914లో ‘రాయీనో పర్వత్’ అనే పెద్ద నాటకం వ్రాసినాడు. రాయి అంటే ఆవగింజ. గోరంతను కొండంత చేయడమని మనం చెప్పుకొనే మాటే ఈ పేరులో ఉన్నది. పైగా అందులో నాయకుని పేరు రాయి, రాజు పేరు పర్వతరాయ్. ఆ పర్వతరాయ్ పండు ముసలి. పడుచు భార్య కోసం తిరిగి యౌవనం కావాలని అతని కోరిక. జాలకా అనే తోటమాలిని అతనికి ఆశ చూపుతుంది. ఆమె నిజానికి అతని చేతిలో రాజ్యం పోగొట్టుకొన్న రాణి. రాత్రివేళ రాజు తోటలోకి దొంగదారిన వస్తూ, ఏదో మృగమని భ్రమించిన రాయి బాణానికి కూలిపోతాడు. అప్పుడు జాలకా ఒక పన్నాగం పన్నుతుంది: రాజు చికిత్సలో ఉన్నాడని ఆరు నెలలు జనాన్ని నమ్మించి, ఆపైన తన కొడుకైన రాయినే యౌవనం పొందిన పర్వతరాయ్‌గా సింహాసనం ఎక్కించడం! సింహాసనంతో పాటు ఆ రాజు భార్యకు భర్తగా కూడా నటించవలసి వస్తుందని తెలిసినప్పుడు రాయి మనస్సు తిరగబడుతుంది. వేషం ఎంతవరకు వేషం, ఎక్కడ అది మోసమవుతుంది అన్న ప్రశ్న చుట్టూ ఈ నాటకం నడుస్తుంది. చదువుకొనే నాటకంగా పేరుపడిన ఈ కృతి నిజంగా నటుల బాధను ఎరిగిన కృతి. ముసలి దేహంలో పడుచు పాత్రను నిలుపుకోవాలనే ఆశ రాజులకంటె నటులకే ఎక్కువ గదా!

ఆ ఆశతో జీవితమంతా పెనగులాడినవాడు జయశంకర్ భోజక్. 1889లో విస్‌నగర్‌లో, తరతరాలుగా భవాయి ఆడే కులంలో పుట్టినాడు. ఎనిమిదేళ్ళ ప్రాయంలో కలకత్తాలోని పార్శీ నాటక సంస్థలో చేరి ఉర్దూ నాటకాలలో వేషాలు కట్టినాడు. 1901లో బొంబాయికి వచ్చి ‘ముంబయి గుజరాతీ నాటక మండలి’లో ‘సౌభాగ్య సుందరి’ నాటకంలో సుందరి పాత్ర ధరించినాడు. షేక్స్పియరు ‘ఒథెల్లో’లోని డెస్డిమోనా ఛాయలున్న పాత్ర అది. పన్నెండేళ్ళ బాలుడు! జనం ఆనాడు పెట్టిన పేరు మళ్ళీ వదలలేదు. జయశంకర్ ‘సుందరి’ అయినాడు. బాపులాల్ నాయక్ సరసన ఆయన నాయికగా నిలిచిన ఆ సంవత్సరాలలో బొంబాయి కులస్త్రీలు ఆయన చీర కట్టును, నడకను అనుకరించేవారట. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచిన తెలుగువారికి ఇది అతిశయోక్తి అనిపించదు. తొలిసారి రవికె తొడుక్కొని అద్దం ముందు నిలిచినప్పుడు తనలోనుండి ఒక యువతి వెలువడినట్లు తోచిందని ఆయన ఆత్మకథలో చెప్పుకొన్నాడు.

ఆ యువతికి వయస్సు లేదు. ఆయనకు ఉన్నది. చిక్కంతా అక్కడే. మరాఠీ రంగస్థలంపై బాలగంధర్వ ఏళ్ళు మీదపడిన తర్వాత కూడా స్త్రీవేషం విడువలేదు. ఆ గొంతు కోసం ప్రేక్షకులు ఆ దేహాన్ని క్షమించినారు. సుందరి అట్లా క్షమింపించుకోలేదు. 1932లో, నలభై మూడేళ్ళ వయస్సులో, రంగం విడిచి విస్‌నగర్ చేరుకొన్నాడు. మాట్లాడే చలనచిత్రాలు అప్పుడే వచ్చినవి. పాత కంపెనీల తెరలు ఒక్కటొక్కటే దిగిపోయే కాలం అది.

ఆ తెరలు దిగిపోవలసినవే అని వాదించినవారిలో ముందు నిలిచినవాడు, రెండవ సూరత్ మనిషి, చంద్రవదన్ మెహతా. 1901లోనే, అంటే సుందరి ‘పుట్టిన’ ఏడాదే, ఈయన పుట్టినాడు. రైలు కార్మికుల జీవితాన్ని ‘ఆగగాడీ’లో రంగానికెక్కించినవాడు, వేతనం లేని నటుల రంగస్థలాన్ని ఉద్యమంగా నడిపినవాడు. వృత్తి నాటక సంస్థల కృత్రిమత్వాన్ని, మగవారు కట్టే ఆడవేషాలను ఆయన తూర్పారబట్టినాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పులేదు. స్త్రీలు రంగం ఎక్కవలసిందే, ఎక్కినారు. కాని సంస్కర్తలు తరచు కొట్టివేసేది వేషాన్ని, దానితోపాటు ఆ వేషం కోసం ఒక మనిషి ముప్పై ఏళ్ళు కూర్చుకొన్న విద్యను కూడా. ఆ విద్య అక్కరకు రాదా?

దీనికి జవాబు అహమ్మదాబాదులో దొరికినది. అరవైకి చేరువలో జయశంకర్‌ను గుజరాత్ విద్యాసభవారు, రసిక్‌లాల్ పరీఖ్ మొదలైనవారు మళ్ళీ పిలిచినారు. ఆయన దర్శకుడై చేపట్టిన తొలి కృతులలో ‘రాయీనో పర్వత్’ ఒకటి. యాదృచ్ఛికమే కావచ్చు, అయినా, యౌవనాన్ని అరువు తెచ్చుకోవాలనుకొన్న ముసలి రాజు కథను, యౌవనాన్ని ముప్పై ఏళ్ళు అభినయించి విడిచిపెట్టిన మనిషి నడిపించడం ఊరక జరిగినదనుకోవడానికి మనస్సు ఒప్పదు. పైగా ఆ కథ ఆయన తాతముత్తాతల భవాయి నుండి వచ్చి, సూరత్ పండితుని పుస్తకం మీదుగా తిరిగి ఆయన చేతికే చేరినది.

పిమ్మట 1953లో పరీఖ్ వ్రాసిన ‘మేనా గుర్జరి’ వచ్చినది. బాదుషా శిబిరంలో చిక్కుకొని, అభిమానం చెడకుండా బయటపడి, తీరా ఇంటికి వస్తే అయినవారి అనుమానానికి గురి అయిన గుర్జర స్త్రీ కథ. భవాయి శైలిలో, పాటలతో, ఆటతో నడిచిన ఆ నాటకంలో మేనా పాత్ర ధరించినది దీనా గాంధీ. తరువాత దీనా పాఠక్‌గా హిందీ చిత్రాలలో ప్రసిద్ధురాలు. ఇక్కడ కొంచెం ఆగాలి. నిజమైన స్త్రీకి స్త్రీ అభినయాన్ని దిద్దినవాడు ఒక వృద్ధుడు! కొంగు సర్దుకోవడంలో సిగ్గు ఎంత, ధిక్కారం ఎంత, తల వంచడంలో వేదన ఎంత అన్న లెక్కలన్నీ ఆయనకు కంఠస్థం. మెహతా పక్షం కోరినట్లు స్త్రీయే రంగం ఎక్కినది. పాత పక్షం దాచుకొన్న విద్యయే ఆమెకు ఉపకరించినది. 1957లో ఈ నాటకం రాష్ట్రపతి భవనంలో రాజేంద్రప్రసాద్‌గారి ఎదుట ప్రదర్శింపబడినది.

మెహతా కూడా ముసలివాడైనాడు. రంగస్థలాన్ని గురించిన జ్ఞాపకాలను, యాత్రలను ‘గఠరియాఁ’లుగా, అంటే మూటలుగా, కట్టుకొంటూ పోయినాడు. వాటిలో ‘నాట్య గఠరియాఁ’కు 1971లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. అదే సంవత్సరం జయశంకర్‌కు పద్మభూషణ్ ఇచ్చినారు. ఇద్దరినీ ఒకే ఏడాది సత్కరించిన దేశానికి వారి పాత తగవు జ్ఞాపకం ఉన్నట్లు లేదు.

జయశంకర్ 1975 జనవరిలో కన్నుమూసినాడు. ‘థోడాఁ ఆఁసు, థోడాఁ ఫూల్’ అన్న ఆయన ఆత్మకథ మరుసటి ఏడు వెలువడినది. కొన్ని కన్నీళ్ళు, కొన్ని పూలు అని దాని అర్థం. అహమ్మదాబాదులో ఆయన పేర వెలసిన నాట్యగృహం మీద ‘జయశంకర్’తో పాటు ‘సుందరి’ అన్న మాట కూడా వ్రాసి ఉంటుంది. సంగతి తెలియని పిల్లలు అది ఎవరో నటీమణి పేరని అనుకొంటారు.