అనుపు చూడకుండా వెళ్ళిపోకండి: తెరుబలి నుంచి ఒక ఏడాది పండగలు

మాది తెరుబలి. విజయనగరం నుంచి రాయపూర్ పోయే రైలు లైన్లో రాయగడ దాటాక వస్తుంది. మా నాన్న పార్వతీపురం వైపు నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఊరి పేరు తెరువలి అనేవాళ్ళూ ఉన్నారు, తెరుబలి అనేవాళ్ళూ ఉన్నారు. మన ‘వ’ ఒడియా నోట్లో ‘బ’ అయిపోతుంది కదా. జయపురం రాజా విక్రమదేవ్ ఇక్కడ బిక్రమ్ దేబ్. అలాగే ఇదీను.

హైదరాబాద్‌లో ఉండే మా మేనత్త కొడుకు ఆమధ్య ఫోన్ చేసి, “బావా, పిల్లల్ని తీసుకుని మీవైపు వద్దామనుకుంటున్నాం. ఏ నెలలో ఏముంటుందో లిస్టు పంపు” అన్నాడు. రాయడానికి కూర్చుంటే సగం మాటల దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ మాటలు వాడికి తెలీవు, మా పిల్లలకీ తెలీవు. అందుకే ఆ లిస్టునే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్, రాయగడ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, జయపురం సంస్థానం కింద. రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. కొరాపుట్ నుంచి విడదీసి రాయగడను వేరే జిల్లా చేసింది 1992లో. సరిహద్దు గీత వయసు తొంభై ఏళ్ళు. పండగలు అంతకన్నా పాతవి. వాటికి ఆ గీత తెలీదు.

చైత్రంతో మొదలుపెడదాం. మా వాళ్ళు ఉగాది అనేకన్నా ముందు కొత్తమాస అనేవాళ్ళు. కొత్త అమావాస్య అన్నమాట. ఏజెన్సీలో ‘కొత్త’ అంటే పండగే. కొత్తగా కాసిన మామిడికాయని దేవుడికి పెట్టి అప్పుడు నోట్లో వేసుకుంటే అది మామిడికొత్త. కందులకైతే కందికొత్త. కొత్త చెయ్యకుండా చెట్టునుంచి కాయ కోసుకు తినకూడదు. పాడేరు, అరకు వైపు ఇటుకల పండగ, కొరాపుట్ వైపు చైత పరబ్ ఈ నెలలోవే. మగాళ్ళు వేటకి పోవడం, ఆడాళ్ళు దారికి అడ్డం కట్టి వచ్చేపోయేవాళ్ళ దగ్గర డబ్బులడగడం రెండుచోట్లా ఉంది. మీ బండి ఆపితే కంగారు పడకండి. నవ్వుతూ పదో ఇరవయ్యో ఇచ్చి ముందుకు కదలండి.

ఇదే నెలలో రాయగడలో మజ్జిగౌరమ్మకి చైత్రోత్సవాలు. నిప్పుల మీద నడక, ముళ్ళ ఉయ్యాల చూడ్డానికి ఆంధ్ర నుంచి రైళ్ళు నిండిపోయి వస్తారు. గుడి బోర్డు మీద మాఝిఘరియాణి అని ఉంటుంది. కోటలో మధ్య ఇంట్లో కొలువైన తల్లి అని ఆ పేరుకి అర్థం చెబుతారు. ఆ ‘ఘరియాణి’ మన చెవికి గౌరిలా వినబడి గౌరమ్మ అయిందని నాకు తోస్తుంది. బోర్డు మీద పేరు చూసి, ఇది వేరే గుడేమో అని మా బావ ఒకసారి వెనక్కి తిరిగిపోయాడు కూడాను.

వానాకాలంలో చూడాల్సింది నీళ్ళు. మాచ్‌ఖండ్ దగ్గర డుడుమ జలపాతం సుమారు 175 మీటర్ల నుంచి పడుతుంది. అక్కడి కరెంటు ప్రాజెక్టు రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. మా దగ్గర బిస్సంకటక్ వైపు చాటికోన జలపాతం ఉంది. ఆ ఊళ్ళో బుధవారం సంతకి డొంగ్రియా కొంధులు నియమగిరి దిగి వస్తారు. వాళ్ళు కుట్టే కప్డాగొండ శాలువాకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనుక్కోండి, కానీ మనుషుల్ని ఫొటో తీసేముందు అడగండి.

నీళ్ళ దగ్గరే ఇంకో మాట. సాలూరు, పార్వతీపురం వైపు కొండ మీంచి దిగే చిన్న ఏటిని గెడ్డ అంటాం. ఘాటీ దాటితే అదే ఝోలా. గుడారి దగ్గర వంశధార ఒడ్డున ఉన్న మీనాఝోలాకి శివరాత్రికి జనం బాగా వస్తారు. మా అమ్మ దాన్ని ‘మీనాల గెడ్డ’ అనేది. పటంలో ఆ పేరు దొరకదు.

దసరాకి జయపురం వెళ్ళాలి. ఈ ప్రాంతంలో చరిత్ర ఉన్న పట్నమంటే అదే. నందపురం నుంచి రాజధాని అక్కడికి మారింది పదిహేడో శతాబ్దంలో. ఆఖరి రాజుల్లో విక్రమదేవ వర్మ (1869–1951) తెలుగులోనూ ఒడియాలోనూ రాసినవాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన దాత. జయపురం దసరాకి ఊళ్ళ నుంచి దేవతల గుర్తుగా లాఠీలు ఎత్తుకొస్తారు. మనవైపు ఘటాలు ఎత్తుకొచ్చినట్టే. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరం పైడితల్లి సిరిమాను. ఓపికుంటే రెండూ చూడొచ్చు.

నవంబరులో కొరాపుట్‌లో పరబ్ జరుగుతుంది. ఆ చలిలో దేవమాలి ఎక్కితే బాగుంటుంది. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు. సంక్రాంతికి రాయగడ పక్కన నాగావళిలో హాతిపథర్ దగ్గరికి పిల్లల్తో వెళ్ళొచ్చు. రెండు పెద్ద రాళ్ళు ఏనుగుల్లా ఉంటాయి.

ఇక అసలు చెప్పాలనుకున్నది శంబర జాతర. సంక్రాంతి వెళ్ళాక మక్కువ మండలం శంబరలో పోలమాంబకి జరుగుతుంది. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా. మా రాయగడ నుంచీ, ఛత్తీస్‌గఢ్ నుంచీ కూడా జనం వస్తారు. మూడు రోజులు, మూడు మాటలు: తొలేళ్ళు, సిరిమాను, అనుపు. తొలేళ్ళు అంటే పండగకి ముందురోజు. విజయనగరంలో ఆ రోజు రైతులకి విత్తనాలు పంచుతారు. సిరిమాను అందరికీ తెలుసు, టీవీలో వస్తుంది. మూడోది అనుపు. సాగనంపడం. మన పాత తెలుగులో ‘అనుపు’ అంటే పంపించు. తమిళంలో ‘అనుప్పు’ ఇప్పటికీ అదే. మన పుస్తకాల్లో మరుగునపడ్డ మాటని ఒక జాతర దాచిపెట్టింది.

ఓ ఏడాది మా బావ వాళ్ళు శంబర వచ్చారు. సిరిమాను చూసి, వీడియోలు తీసుకుని, ఆ రాత్రే బయల్దేరబోయారు. మా అమ్మ సంచీ పట్టుకుని ఆపింది. “ఓలమ్మ! అనుపు సూడకండా ఎలిపోతారేటి? ఆడపిల్లొచ్చింది ఇంటికి. దాన్ని సాగనంపకండా సుట్టాలే ముందు బస్సెక్కేత్తారేటి?”

వాళ్ళు ఆగలేదు. టిక్కెట్లు తీసేసుకున్నారు మరి. నేనూ అమ్మని సముదాయించాను, “పనులుంటాయి కదే” అని. మర్నాడు జనం పలచబడ్డాక అమ్మవారిని పంపుతుంటే అమ్మ ఒక్కత్తే ముందుకెళ్ళి నిలబడింది. మాకు అది జాతర మూడో రోజు. ఆవిడకి మాత్రం పుట్టింటికొచ్చిన కూతురు వెళ్ళిపోవడం. ఆ తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

అమ్మ పోయి నాలుగేళ్ళయింది. పోయిన జనవరిలో మా అమ్మాయి ఫోన్లో జాతర వార్త చదువుతూ “నాన్నా, అనుపు అంటే ముగింపేనా?” అని అడిగింది. తప్పు దానిది కాదు. అది చదివింది ఒడియా, ఇంగ్లీషు బళ్ళల్లో. తెలుగు ఇంట్లో విని నేర్చుకుంది. ఆ ఇంట్లో ఆ మాట పలికే మనిషి లేదు, నేను ఎప్పుడూ పలకలేదు. ‘ముగింపు’ అంటే పండగ అయిపోయిందని అర్థం. ‘అనుపు’ అంటే మళ్ళీ వస్తుందని అర్థం. దానికి ఇది చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అమ్మకి ఒక్క నిమిషం పట్టేది.

మా బావకి లిస్టు పంపాను. అందులో రైలు టైములూ నెలలూ ఉన్నాయి. ప్రతి పండగ పక్కనా అక్కడి మాట, దాని అర్థం కూడా రాశాను. శంబర దగ్గర మాత్రం ఒక ముక్క ఎక్కువ రాశాను: “తిరుగు టిక్కెట్టు అనుపు మర్నాటికి తియ్యి.”

మీరు వచ్చినా నా మాట అదే. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే ఈ మూడు రోజులకీ మీ ఊళ్ళో ఏమంటారో ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. నేను ఆలస్యం చేశాను.