కాగితపు పరిశ్రమ : సమర్ఖంద్ నుండి షాతిబా వరకు

ఒక క్రొత్త వస్తువును కనిపెట్టడం వేరు. దానిని జనసామాన్యానికి అందుబాటులోకి తేవడం వేరు. మొదటి పని చేసినవారి పేర్లను చరిత్ర కొంతవరకైనా భద్రపరుస్తుంది. రెండవ పని చేసినవారు, అనగా పెట్టుబడి పెట్టినవారు, నష్టానికి సిద్ధపడినవారు, దొరికే ముడిసరుకుకు అనుగుణంగా పద్ధతిని మార్చుకున్నవారు, కొనేవారిని వెదికి పట్టుకున్నవారు చాలావరకు అనామకులుగానే మిగిలిపోతారు. కాగితం చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. కాగితాన్ని కనిపెట్టిన ఘనత ముస్లిములది కాదు, చైనావారిది. కాని దానిని మూడు ఖండాలలో అంగడి సరుకుగా మార్చినవారు ముస్లిం ప్రపంచపు పనివారు, వర్తకులు, రాజోద్యోగులు. ఆరు శతాబ్దాల తర్వాత ఆ వ్యాపారాన్ని చేజార్చుకున్నదీ ఆ ప్రపంచమే. ఈ రెండు దశలనూ కలిపి చూచినప్పుడే ఆ చరిత్రలోని పాఠం బోధపడుతుంది.

చైనా నుండి సమర్ఖంద్‌కు

చైనా సంప్రదాయం ప్రకారం క్రీ.శ. 105లో త్సాయ్ లున్ అనే ఆస్థానోద్యోగి కాగితం తయారుచేసే విధానాన్ని చక్రవర్తికి నివేదించాడు. అంతకు పూర్వపు కాగితపు ముక్కలు కూడా త్రవ్వకాలలో దొరికాయి గనుక, అతడు ఆ విధానాన్ని మెరుగుపరచినవాడని భావించడం సమంజసం.

ముస్లిములకు ఈ విద్య అందిన తీరును గూర్చి ఒక కథ ప్రసిద్ధం. హి. 133 (క్రీ.శ. 751)లో తలాస్ నది ఒడ్డున అరబ్బు, చైనా సైన్యాల మధ్య యుద్ధం జరిగింది. అందులో చిక్కిన చైనా ఖైదీలు సమర్ఖంద్‌లో కాగితం తయారీని నేర్పారని పదకొండవ శతాబ్దపు రచయిత సఆలిబీ వ్రాశాడు. ఆధునిక పరిశోధకులు ఈ కథను యథాతథంగా అంగీకరించడం లేదు. మధ్య ఆసియాకు చెందిన సొగ్దియా వర్తకులు నాల్గవ శతాబ్ది ప్రారంభంలోనే కాగితంపై ఉత్తరాలు వ్రాసుకున్నారు. అవి 1907లో చైనా పశ్చిమ సరిహద్దున దున్‌హువాంగ్ సమీపంలో బయటపడ్డాయి. కనుక కాగితం యుద్ధఖైదీల కంటె ముందే వర్తకుల మూటలలో ప్రయాణించిందని గ్రహించాలి.

బాగ్దాదు అవసరం

విద్య తెలిసినంత మాత్రాన పరిశ్రమ నిలువదు. దాని అవసరం ఏర్పడాలి. ఆ అవసరం బాగ్దాదులో ఏర్పడింది. హి. 145 (క్రీ.శ. 762)లో ఖలీఫా మన్సూర్ నిర్మాణం ప్రారంభించిన ఆ నగరం కొద్దికాలంలోనే విశాలమైన పరిపాలనకు కేంద్రమైంది. పన్నుల లెక్కలు, సైనికుల జీతాల పట్టికలు, టపా నివేదికలు, న్యాయస్థానాల దస్తావేజులు దీవాన్లలో నానాటికీ పెరిగిపోయాయి. ఇవన్నీ దేనిమీద వ్రాయాలి? పపైరస్ ఈజిప్టు నుండి రావాలి. పైగా మడిస్తే విరుగుతుంది. తోలు పత్రం గట్టిదే గాని, ఒక పెద్ద గ్రంథానికి ఒక మందకు సరిపడే చర్మాలు కావాలి.

ఈ సమస్యకు పరిష్కారం చూపినవారు బర్మకీ వంశీయులు. వారి స్వస్థలం బల్ఖ్. మధ్య ఆసియాలో వాడుకలో ఉన్న వస్తువులు వారికి పరిచితమే. హారూన్ రషీద్ కాలంలో ఖురాసాన్‌ను పాలించిన ఫజల్ బిన్ యహ్యా కాగితం తయారీని ప్రోత్సహించాడని ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో పేర్కొన్నాడు. బాగ్దాదులో కాగితపు కార్ఖానా హి. 178 (క్రీ.శ. 794-95) ప్రాంతంలో వెలసిందని చరిత్రకారులు చెబుతారు.

ఖలీఫా కాగితాన్ని ఎన్నుకోవడానికి ఈజిప్టు ఆస్థాన లేఖకుడు ఖల్‌ఖషందీ చెప్పిన కారణం గమనార్హం. తోలుమీది వ్రాతను గీకివేసి మరొకటి వ్రాయవచ్చు. కాగితాన్ని గీకితే ఆ గుర్తు మిగులుతుంది, మోసం బయటపడుతుంది. అంటే క్రొత్త వస్తువుకు విలువ తెచ్చినది చౌకదనమొక్కటే కాదు, విశ్వసనీయత కూడా. ఐరోపాలో ఇందుకు భిన్నంగా జరిగింది. చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ 1231లో తన సిసిలీ రాజ్యపు అధికార పత్రాలకు కాగితాన్ని నిషేధించాడు. ఒకే వస్తువును ఒకచోట నమ్మకానికి ఆధారంగా భావిస్తే, మరొకచోట నమ్మరానిదిగా భావించారు.

పనివారు చేసిన మార్పులు

చైనాలో ముఖ్యంగా మల్బరీ జాతి చెట్ల లోబెరడుతోను, ఇతర నారలతోను కాగితం చేసేవారు. ఆ బెరడు ఇరాఖ్, సిరియాలలో విరివిగా దొరకదు. ముస్లిం పనివారు చింకిపాతలను, అవిసె నార గుడ్డలను, పాత మోకులను ముడిసరుకుగా ఎన్నుకున్నారు. పారవేయవలసిన వస్తువుకు ధర వచ్చింది. దూరదేశపు చెట్టుమీద ఆధారపడని పరిశ్రమను ఏ నగరంలోనైనా పెట్టుకోవచ్చును.

రెండవ మార్పు కలానికి సంబంధించినది. చైనావారు మెత్తని కుంచెతో వ్రాస్తారు. అరబ్బులు చెక్కిన రెల్లు కలంతో వ్రాస్తారు. మెత్తని కాగితంపై ఈ కలం గీరుకుంటుంది, సిరా ప్రాకుతుంది. అందుచేత వారు ఆరిన కాగితానికి గోధుమ గంజి పట్టించి, నునుపైన రాయితోనో గాజుతోనో రుద్ది మెరుగు పెట్టారు. ఉత్తర ఆఫ్రికా పాలకుడు ముఇజ్ బిన్ బాదీస్ పేరిట ఉన్న పదకొండవ శతాబ్దపు గ్రంథంలో ఈ ప్రక్రియ వివరంగా ఉంది: నారను సున్నపు నీటిలో నానబెట్టడం, ఎండబెట్టడం, మళ్ళీ నానబెట్టడం, కత్తిరించడం, మంచినీటితో పలుమార్లు కడగడం, దంచడం, జల్లెడవంటి అచ్చుతో ఎత్తడం, గోడకు అంటించి ఆరబెట్టడం, గంజి పెట్టడం.

దంచే శ్రమను తగ్గించే ఉపాయం కూడా కనుగొన్నారు. సమర్ఖంద్‌లో కాగితానికి కావలసిన నారను నీటి బలంతో లేచిపడే రోకళ్ళతో దంచుతారని అల్‌బిరూనీ ప్రస్తావించాడు.

పెట్టుబడి, భాగస్వామ్యం

కార్ఖానాకు నీటి వసతి, తొట్లు, అచ్చులు, నేర్పరులైన కూలీలు కావాలి. సరుకు అమ్ముడుపోయేవరకు ఆగగల స్థోమత కావాలి. పని తెలిసినవాని వద్ద ధనం ఉండదు. ధనం ఉన్నవానికి పని తెలియదు. వడ్డీకి తావులేని సమాజంలో ఈ ఇద్దరినీ కలిపిన మార్గం ముజారబత్. ఒకరి ధనం, మరొకరి శ్రమ. లాభాన్ని ముందుగా అంగీకరించిన నిష్పత్తిలో పంచుకోవాలి. నష్టం వస్తే ధనం ధనవంతునిది పోతుంది, శ్రమ శ్రామికునిది పోతుంది. ధనవంతుడు ఇంత మొత్తం తప్పక ఇవ్వాలని షరతు పెడితే ఒప్పందం చెల్లదు. హజ్రత్ ఖదీజా (రజి) సరుకుతో దైవప్రవక్త (స) సిరియాకు వాణిజ్య యాత్ర చేసిన సంగతి పాఠకులకు తెలిసినదే.

బాగ్దాదు కార్ఖానా వెలసిన కాలంలోనే హనఫీ న్యాయవేత్త ఇమామ్ ముహమ్మద్ షైబానీ (మరణం హి. 189, క్రీ.శ. 805) భాగస్వామ్య నియమాలను విపులంగా గ్రంథస్థం చేశాడు. ధనం లేకుండా కేవలం పనితనాన్నే పెట్టుబడిగా పెట్టి ఇద్దరు పనివారు భాగస్వాములు కావచ్చునని హనఫీలు అంగీకరించారు. లేని వస్తువును అమ్మరాదన్నది సాధారణ నియమమే అయినా, పనివానికి ముందుగా పురమాయించి వస్తువు చేయించుకునే ‘ఇస్తిస్నా’ను ప్రజల అవసరాన్ని గుర్తించి అనుమతించారు. చేతిలో నేర్పు మాత్రమే ఉన్నవాడు అంగడిలో నిలదొక్కుకోవడానికి ఇటువంటి ఒప్పందాలు ఎంత ఆసరా ఇచ్చి ఉంటాయో ఊహించవచ్చును. అప్పు ఒప్పందాలను వ్రాసి ఉంచుకోవాలన్న బఖరా సూరా ఆదేశం కూడా వర్తకునికి వ్రాత సామగ్రిని నిత్యావసరం చేసింది.

వర్రాఖుల బజారు

కాగితం దీవాన్లలోనే ఆగిపోలేదు. హదీసు, న్యాయశాస్త్రం, వైద్యం, గణితం, అనువాదాలు, కథలు, వంటల పుస్తకాలు అన్నీ కాగితంపైకి ఎక్కాయి. నేడు హాలెండులోని లైడెన్‌లో ఉన్న అబూ ఉబైద్ గారి ‘గరీబుల్ హదీస్’ ప్రతి హి. 252 (క్రీ.శ. 866)లో కాగితంపై వ్రాసినది. తేదీ గల అరబ్బీ కాగితపు గ్రంథాలలో అతి ప్రాచీనమైన వాటిలో ఇది ఒకటి.

కాగితం అమ్మడం, ప్రతులు వ్రాయించడం, జిల్దు కట్టించడం, పుస్తకాలు విక్రయించడం వర్రాఖ్‌ల వృత్తి. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులోని వారి బజారులో నూరుకు పైగా దుకాణాలున్నట్లు యాఖూబీ వ్రాశాడు. జాహిజ్ ఈ దుకాణాలను అద్దెకు తీసుకుని రాత్రులు చదువుకునేవాడని ప్రతీతి. ‘ఫిహ్రిస్త్’ కర్త ఇబ్నె నదీమ్ స్వయంగా వర్రాఖ్. హి. 377 (క్రీ.శ. 987-88)లో పూర్తిచేసిన ఆ గ్రంథంలో అతడు ఖురాసాన్ కాగితపు రకాలను సులైమానీ, తల్హీ, నూహీ, ఫిరౌనీ, జాఫరీ, తాహిరీ అని పేర్కొన్నాడు. వీటిలో చాలావరకు పాలకుల, అధికారుల పేర్లే. కొనుగోలుదారు పేరు చెప్పి రకం అడిగే స్థితి వచ్చిందంటే బజారు స్థిరపడిందని అర్థం.

తొమ్మిదవ శతాబ్దం చివరినాటి ఈజిప్టు లేఖలో ఒకాయన పపైరస్‌పై వ్రాసినందుకు క్షమాపణ చెప్పుకున్నాడు. పదవ శతాబ్దంలో పపైరస్ తన స్వదేశంలోనే వెనుకబడింది. 1047 ప్రాంతంలో యాత్రికుడు నాసిర్ ఖుస్రో సిరియా తీరంలోని తరాబులుస్ కాగితం సమర్ఖంద్ కాగితాన్ని మించినదన్నాడు. కైరో అంగళ్ళలో కొన్న సరుకును కాగితంలో చుట్టి ఇవ్వడం కూడా అతడు చూశాడు. పొట్లం కట్టే దశకు చేరిన వస్తువు ఇక విలాస వస్తువు కాదు. పన్నెండవ శతాబ్దంలో మంగుళూరులో నివసించిన ఒక ట్యునీషియా యూదు వర్తకునికి ఆదెన్ మిత్రులు కానుకలతో పాటు కాగితం పంపిన ఉత్తరాలు కైరోలో లభించాయి. అటు స్పెయిన్‌లోని షాతిబా కాగితాన్ని భూగోళవేత్త ఇద్రీసీ 1154లో పూర్తిచేసిన తన గ్రంథంలో కొనియాడాడు. 1244లో ఆ పట్టణం అరగాన్ రాజు వశమైన తర్వాత కూడా ముస్లిం పనివారే అక్కడ కాగితం తయారుచేశారు.

బజారు చేజారిన తీరు

ఐరోపా ఈ విద్యను ముస్లిముల నుండి నేర్చుకుంది. పదమూడవ శతాబ్దంలో ఇటలీలోని ఫాబ్రియానో పట్టణంలో కాగితపు మిల్లులు వెలిశాయి. అక్కడివారు నేర్చిన పద్ధతితో తృప్తిపడలేదు. నీటి చక్రాలతో నడిచే బలమైన రోకళ్ళను వాడారు. రెల్లు అచ్చుకు బదులు లోహపు తీగల అచ్చును తెచ్చారు. గంజికి బదులు జంతు చర్మాల నుండి తీసిన జిగురు పట్టించారు. 1282 ప్రాంతం నుండి కాగితంలోనే తయారీదారుని గుర్తును, అనగా నీటిగుర్తును వేయసాగారు. సరుకు ఎవరిదో వెలుతురుకు పట్టుకుని చూస్తే తెలిసేది.

పద్నాలుగవ శతాబ్దంలో ఇటలీ కాగితం ఉత్తర ఆఫ్రికా రేవులలో దిగసాగింది. అందులో కొన్ని నీటిగుర్తులు శిలువ ఆకారంలో ఉండేవి. దానిపై ధార్మిక గ్రంథాలు వ్రాయవచ్చునా అన్న ప్రశ్న తిలిమ్సాన్‌లో తలెత్తగా, న్యాయవేత్త ఇబ్నె మర్జూఖ్ హి. 812 (క్రీ.శ. 1409)లో వ్రాయవచ్చునని ఫత్వా ఇచ్చాడు. ఆ ప్రశ్న పుట్టడమే పరిస్థితిని తెలియజేస్తున్నది. విదేశీ కాగితం వద్దనుకున్నా స్థానిక కాగితం చాలినంతగా దొరకని రోజులు వచ్చాయన్నమాట.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే, 1412లో ముగించిన తన మహాగ్రంథంలో ఖల్‌ఖషందీ కాగితాల తారతమ్యాన్ని నిర్ణయించాడు. బాగ్దాదు కాగితం సర్వోత్తమం. ఆ తర్వాత సిరియా, ఈజిప్టు కాగితాలు. చిట్టచివర మగ్రిబ్, ఫ్రాంకుల కాగితాలు. అవి నాసివి, త్వరగా పాడైపోయేవి. లేఖకునిగా ఆయన తీర్పు ఆయనకు సబబే కావచ్చు. కాని బజారు ఆయన తీర్పును పాటించలేదు. కొనేవాడు తన పనికి చాలిన కాగితాన్ని, తాను ఇచ్చుకోగల వెలకు కొన్నాడు.

దీనికి మంగోలు దాడులు, తైమూరు దండయాత్రలు, 1347-49 నాటి ప్లేగు వంటి కారణాలను చరిత్రకారులు పేర్కొంటారు. అవి కాదనలేనివి. అయితే ప్లేగు ఇటలీని కూడా వదలలేదు. తేడా మరొకచోట ఉంది. ఎనిమిదవ శతాబ్దంలో బాగ్దాదువారు చైనా పద్ధతిని తమ ముడిసరుకుకు, తమ కలానికి తగినట్లు మార్చుకున్నారు. పదమూడవ శతాబ్దంలో ఆ పని ఫాబ్రియానోవారు చేశారు. నీటి రోకలి సమర్ఖంద్‌కు తెలియనిది కాదు. దానిని మరొక మెట్టు ఎక్కించినవారు ఇతరులు.

తెలుగు భాషలోని కొన్ని మాటలు ఈ చరిత్రను నేటికీ మోస్తున్నాయి. కాగితం, కలం, దస్తా, జిల్దు అరబ్బీ పారశీకాల ద్వారా వచ్చినవి. తెలంగాణలోని కోరుట్లవంటి చోట్ల చేతికాగితం చేసిన కాగజీలు ఆ వృత్తిపరంపరకు చెందినవారే. రీము అనే మాట కూడా మూలంలో అరబ్బీదే: కట్ట అనే అర్థంగల ‘రిజ్మా’. కాని అది స్పెయిన్ మీదుగా ఐరోపా అంతా తిరిగి, ఇంగ్లీషువారి సరుకుతో పాటు తెలుగుదేశం చేరింది. మాట ఒకరిది, సరుకు మరొకరిది అయిపోయింది. నేర్చుకున్న విద్యను మెరుగుపరచుకుంటూ పోయేవారి వద్దనే పరిశ్రమ నిలుస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.