ఏమస్ అలాంజో స్టాగ్

ఏమస్ అలాంజో స్టాగ్ (1862 ఆగస్టు 16 – 1965 మార్చి 17) షికాగో విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలైన 1892లోనే అక్కడ చేరి, 1932 దాకా నలభై ఏళ్లు క్రీడా విభాగాన్ని నడిపిన అమెరికన్. జనం ఆయన్ని అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా గుర్తుపెట్టుకున్నారు. అంతకంటే పెద్ద విషయం ఆయన హోదా. ఆటలు నేర్పే మనిషిని సీజన్‌కొకసారి కూలికి తెచ్చుకుని పంపేసే రోజుల్లో, పాఠం చెప్పే ఆచార్యులతో సమానంగా పీఠం, ఉద్యోగ భద్రత పొందిన తొలితరం క్రీడా విభాగాధిపతి ఆయన. అమెరికాలో నేడు అథ్లెటిక్ డైరెక్టర్ అని పిలిచే ఉద్యోగం రూపుదిద్దుకోవడంలో ఈ నియామకానిది పెద్ద పాత్ర.

తొలి రోజులు

న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో చెప్పులు కుట్టే పేద కుటుంబంలో పుట్టారు. పాస్టర్ కావాలని యేల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ బేస్‌బాల్ పిచర్‌గా ఎంత పేరు తెచ్చుకున్నారంటే వృత్తి జట్లు డబ్బు పట్టుకుని వచ్చాయి. డబ్బుకు ఆడనని తిప్పి పంపారు. కళాశాలల ఉత్తమ ఆటగాళ్ల జాబితాగా 1889లో ఎంపిక చేసిన మొట్టమొదటి ఆల్ అమెరికా ఫుట్‌బాల్ జట్టులో ఆయన పేరుంది. యేల్ వ్యాయామశాలలో పరుపు చుట్టి వేలాడదీసి, దాని మీదికి ఉరికి పట్టుకోవడం సాధన చేయించేవారు. తర్వాతి కాలంలో ప్రతి మైదానంలోనూ కనిపించే ట్యాక్లింగ్ డమ్మీకి ఆ పరుపే మూలం.

వేదిక మీద మాట తడబడుతోందని పాస్టర్ చదువు మానేసి, 1890లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఏ. శిక్షణాలయంలో చేరారు. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ అక్కడి సహోద్యోగి. 1892 మార్చి 11న జనం ముందు జరిగిన తొలి బాస్కెట్‌బాల్ పోటీలో అధ్యాపకులు విద్యార్థుల చేతిలో 5–1 తేడాతో ఓడారు. అధ్యాపకుల ఆ ఒక్క గోలూ స్టాగ్‌దే.

ఈ స్ప్రింగ్‌ఫీల్డ్‌తో మనకూ చుట్టరికం ఉంది. అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ శిక్షణాలయం స్థాపించారు. మన కాలేజీల్లో విజిల్ మెళ్లో వేసుకుని తిరిగే పి.డి. సారు వృత్తికి దక్షిణాదిన బాట పడింది అక్కడే.

హార్పర్ పిలుపు

షికాగోలోని కొత్త విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడైన విలియం రైనీ హార్పర్ యేల్‌లో స్టాగ్‌కు బైబిల్ పాఠాలు చెప్పిన గురువు. బేరం జరిగిన తీరును ఇలా చెబుతారు: హార్పర్ ముందు 1500 డాలర్ల జీతం అన్నారు. స్టాగ్ ఆలోచనలో పడి మాట్లాడలేదు. చాలలేదేమోననుకుని హార్పర్ 2000కు పెంచారు. ఇంకా మౌనమే. చివరికి 2500 డాలర్లు, అసోసియేట్ ప్రొఫెసర్ హోదా దగ్గర బేరం కుదిరింది. జీతం పెరగడం కంటే ఆ హోదా దక్కడమే చరిత్ర. ఓటమి ఎదురైన మర్నాడు తీసేయడానికి వీల్లేని మనిషి చేతికి విద్యార్థుల దేహారోగ్యాన్ని అప్పగించారు. వ్యాయామం కూడా చదువేనని హార్పర్ నమ్మారనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

1892 అక్టోబరు 1న తరగతులు మొదలైన రోజే స్టాగ్ ఫుట్‌బాల్ సాధనకు పిలుపిచ్చారు. ఆటగాళ్లు చాలక ఆ ఏడు తానే జట్టులో దిగి ఆడారు. వ్యాపారి మార్షల్ ఫీల్డ్ ఇచ్చిన స్థలానికి విద్యార్థులతో కలిసి స్వయంగా కంచె కట్టారు. ఫుట్‌బాల్, బేస్‌బాల్, పరుగు పందేలు, విద్యార్థులందరి వ్యాయామ తరగతులు, అన్నీ ఆ విభాగం కిందివే. మహిళల వ్యాయామ విద్యను గెర్ట్రూడ్ డడ్లీ చూసేవారు. స్టాగ్ నోట బూతు వచ్చేది కాదు. మహా కోపం వస్తే ఆటగాణ్ణి గాడిదా అనేవారు, ఇంకా వస్తే రెండింతల గాడిద. తెలుగు బడిలో చదివిన ఎవరికైనా ఈ మాస్టారు తెలిసిన మనిషే అనిపిస్తారు.

1905 నవంబరు 30న ఆయన జట్టు మిషిగన్‌ను 2–0తో ఓడించింది. అంతకు ముందు మిషిగన్ వరసగా 56 ఆటల్లో ఓటమి ఎరగదు. అదే ఏడు దేశంలో ఫుట్‌బాల్ మరణాలు పెరిగి ఆటను నిషేధించాలన్న కేక లేచింది. నిషేధానికి బదులు నియమాలు మారాయి. 1906లో ముందుకు బంతి విసరడానికి అనుమతి వచ్చింది. ఆ నియమాలు రాసిన సంఘంలో స్టాగ్ కూడా ఒకరు.

అధికారం, దాని హద్దు

స్టాగ్ ఏ డీన్‌కూ కాక నేరుగా అధ్యక్షుడికీ ధర్మకర్తలకూ జవాబుదారీ. విభాగం సొమ్ము మీద చాలాకాలం ఆయనదే పెత్తనం. జట్టు గెలిచినంత కాలం అది ఎవరికీ అడ్డు కాలేదు. మైదానానికి జనం, డబ్బు పెరిగేకొద్దీ ఆచార్యుల్లో అసంతృప్తి పెరిగింది, అది న్యాయమైనదే. ఉద్యోగ భద్రత టీచర్‌ను కాపాడాలి గానీ లెక్కలు అడిగేవాళ్లు లేకుండా చేయకూడదు. 1924 తర్వాత స్టాగ్ జట్టుకు, తాము ఆడే విశ్వవిద్యాలయాల లీగ్ అయిన బిగ్ టెన్ టైటిల్ మళ్లీ దక్కలేదు.

1929లో అధ్యక్షుడైన రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ 70 ఏళ్ల పదవీ విరమణ నిబంధనను స్టాగ్‌కు సడలించలేదు. ప్రచార బాధ్యతలు ఇస్తామంటే స్టాగ్ ఒప్పుకోలేదు. 1933లో కాలిఫోర్నియాలోని కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌కు వెళ్లి 1946 దాకా కోచ్‌గా పనిచేశారు. తర్వాత పెన్సిల్వేనియాలో కొడుకుతో కలిసి సస్క్విహానా జట్టుకు శిక్షణ ఇచ్చారు. మైదానం వదిలేనాటికి వయసు 96. కోచ్‌గా ఆయన సాధించిన 314 విజయాల రికార్డు 1981 దాకా నిలిచింది.

తర్వాత

స్టాగ్ స్థానంలో వచ్చిన నెల్సన్ మెట్‌కాఫ్ హయాంలో జట్టు చిక్కిపోయింది. 1939లో మిషిగన్ చేతిలో 85–0తో ఓడింది. ఆ డిసెంబరులో హచిన్స్ ఫుట్‌బాల్‌నే రద్దు చేశారు. ఖాళీ అయిన విశ్వవిద్యాలయ మైదానం స్టాగ్ ఫీల్డ్ పడమటి గ్యాలరీ కింది గదిలోనే 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మి బృందం తొలి కృత్రిమ అణు శృంఖల చర్యను సాధించింది. ఆ మైదానం స్థలంలో ఇప్పుడు రెగెన్‌స్టైన్ గ్రంథాలయం ఉంది.

1969లో ఫుట్‌బాల్ మళ్లీ వచ్చింది. షికాగో ఇప్పుడు ఆడేది ఆట కోసం స్కాలర్‌షిప్పులు ఇవ్వని కళాశాలల శ్రేణి అయిన మూడో డివిజన్‌లో. ఆ డివిజన్ ఫైనల్‌ను స్టాగ్ బౌల్ అంటారు.